ఎర్ర క్లిప్పు

జూలై వచ్చిందంటే ఆక్లాండ్ శివారు టకానినిలో ఆశాజ్యోతిని ఎరిగినవాళ్ళెవరూ సెలవులకు ఎక్కడికని అడగరు. ఆమె ఫీజీ వెళ్తుంది. ఫీజీ అనగానే నీలం సముద్రం, తెల్ల ఇసుక తలచుకునేవాళ్ళు తలచుకోవచ్చు గానీ, ఆమె వెళ్ళేది చెరకుతోటల మధ్య ఉన్న ఒక బడి హాలుకు. అక్కడ వారం పాటు నడుం వంచి బీపీలు చూస్తుంది, వేళ్ళు గుచ్చి షుగర్లు చూస్తుంది, తిరిగొచ్చిన మర్నాడే వృద్ధులుండే రెస్ట్‌హోమ్‌లో డ్యూటీ ఎక్కుతుంది. ఏడాది పొడుగునా ముసలివాళ్ళకు మందులు మింగించే మనిషి, ఉన్న కాస్త సెలవూ పెట్టుకుని ఇంకో దేశం పోయి అక్కడి ముసలివాళ్ళకు మందులు మింగించడమేమిటో ఆమె భర్త సాయినాథ్‌కు మొదటి ఏడాది అర్థం కాలేదు. మూడో ఏడాదికి అడగడం మానేశాడు.

బయల్దేరే ముందు శనివారం గరాజ్‌లోంచి కారు బయటపెట్టి, ఆ చోట సూట్‌కేసులు పరిచి, గ్లవ్స్ పెట్టెలూ షుగరు చూసే పట్టీలూ సర్దుతోంది. అంతకు ముందు రోజు డ్యూటీకి ఇద్దరు రాకపోతే వాళ్ళ పని కూడా తనే లాక్కొచ్చింది. నడుం పట్టేసింది. కింద కూర్చుంటే లేవలేదు, లేస్తే వంగలేదు. మూసిన సూట్‌కేసు మీద కూలబడి, తెరిచిన సూట్‌కేసులోకి ఒక్కొక్కటీ విసురుతోంది.

"ఈ ఏడు రానని చెప్పేస్తే పోలా?" అన్నాడు సాయినాథ్, బాత్రూంలోని బరువు మిషను తెచ్చి పెడుతూ.

"కృష్ణారావు డాక్టరుగారు క్యాంపు టీ షర్టు మీద నా పేరు కూడా వేయించేశారు."

"టీ షర్టు కోసరం పోతావా?"

"ఇదే చివరిసారి సాయీ. వెళ్ళొచ్చి మానేస్తా."

"పోయినేడూ ఇదే మాట చెప్తివి," అని అతను సూట్‌కేసు ఎత్తి మిషను మీద పెట్టాడు. సాయినాథ్‌ది మదనపల్లె. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు ఇంగ్లీషు మాట్లాడి ఇంటికొచ్చాక, వాళ్ళమ్మ మాట్లాడే తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడలేడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆశాజ్యోతి పెళ్ళయిన కొత్తలో ఆ యాసకు నవ్వేది. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా లేదు.

ఓపిక సంగతికొస్తే, ఒకప్పుడు ఆమెకు అది దండిగా ఉండేది. పొన్నూరు పిల్ల. గుంటూరులో నర్సింగ్ చదివి, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ అని ఏదో కోర్సు పేరు చెప్పుకుని స్టూడెంట్ వీసా మీద ఆక్లాండ్‌లో దిగింది. ఆ కోర్సులో నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకున్నదంతా రెస్ట్‌హోమ్‌లోనే. నర్సు చదువు చదివి కూడా అక్కడ కేర్‌గివర్‌గా చేరింది. అంటే స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. నలుగురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో పడుకుని, మిగిలిన వేళంతా అక్కడే బతికింది. పరీక్షలు రాసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, అదే రెస్ట్‌హోమ్‌లో నర్సు అయ్యేసరికి పెళ్ళయింది, కూతురు శ్రీజ పుట్టింది, టకానినిలో కొత్తగా కట్టిన వరసల్లో ఒక ఇల్లూ అమరింది.

అన్నేళ్ళలో ఆమెకు తెలిసొచ్చింది ఒకటే. ముసలివాళ్ళకు కావలసింది పక్కన కాసేపు కూర్చునే మనిషి. ఆ ఒక్క పనికే డ్యూటీలో టైం ఉండదు. మాత్ర నోట్లో వేసి, నీళ్ళ గ్లాసు అందించి, మింగారో లేదో చూసి, పక్క గదికి పరుగు. "కాసేపు ఉండమ్మా" అన్న చూపును వీపు మీద మోసుకుంటూ తలుపు వేయడం ఆమెకు అలవాటైపోయింది. అలవాటైందే గానీ బాధ పోలేదు.

అందుకే ఒక ఉగాది భోజనాల దగ్గర కృష్ణారావుగారు ఆమెను పట్టుకున్నప్పుడు వెంటనే ఒప్పుకుంది. ఆయన ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో ఏళ్ళ తరబడి డాక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేక ఒక ట్రస్టు పెట్టాడు. "నర్సువటగా అమ్మా. మనవాళ్ళు నూరేళ్ళ కిందట ఫీజీ చెరకుతోటల్లో కూలికి వెళ్ళారు, వాళ్ళ పిల్లల పిల్లలు అక్కడే ఉన్నారు. సర్కారు మందులు ఉంటాయి, చూసే దిక్కు తక్కువ. ఏడాదికి ఒక్క వారం రా," అన్నాడు చేతిలో విస్తరి పట్టుకునే. అక్కడైతే ముసలివాళ్ళ పక్కన తీరిగ్గా కూర్చోవచ్చనుకుంది ఆశాజ్యోతి. ఎంత అమాయకురాలో చూడండి.

మొదటి ఏడాది మొదటి రోజు బడి హాలు సంతలా ఉంది. లంబాసా పట్నానికి దూరంగా, చెరకు పొలాల మధ్య ఊరు. తెల్లారకముందే వచ్చి కూర్చున్న జనం. ఎవరిది జబ్బో, ఎవరు తోడు వచ్చారో తెలియదు. ఎవరినైనా పలకరిద్దామంటే అందరిదీ ఫీజీ హిందీ. మధ్యాహ్నానికి ఆమె నడుం విరిగి, ఎవరికీ అర్థం కాదులే అనే ధైర్యంతో "అబ్బా, నా నడుము" అని పైకే అనేసింది.

"నడుము నొస్తాందా పాపా?" అంది వరసలోంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే తెల్ల జుట్టు, పూల గౌను, పైన కండువా వేసుకున్న ముసలావిడ. పేరు రాజ్యం. వాళ్ళ అవ్వ చిత్తూరు వైపు నుంచి ఓడెక్కి వచ్చిందట. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అవ్వే పెంచింది, అవ్వ తెలుగే ఈమెకు వచ్చింది. వంటింటి మాటలు, ఒంటి నొప్పుల మాటలు, తిట్లు, లాలిపాటలు, అంతవరకే. మందును దవాయి అంటుంది. పెనిమిటి ఉన్నంత కాలం ఇంట్లో ఇద్దరూ తెలుగులో పోట్లాడుకునేవాళ్ళు. ఆయన పోయాక కొడుకు, కోడలు శారద, మనవలు అందరిదీ హిందీనే.

"తిట్టుకునేదానికి గూడా ఎవురూ లేరు పాపా," అంది. అచ్చం అత్తగారు ఫోన్లో మాట్లాడినట్టే ఉండడంతో ఆశాజ్యోతికి నవ్వొచ్చింది.

ఆ రోజు రాజ్యం అవ్వకు షుగరు చూస్తే మిషను అరిచింది. బీపీ కూడా అంతే. కృష్ణారావుగారు చూసి, చీటీ రాసి, ఊళ్ళో సర్కారు నర్సు దగ్గర నెలనెలా మాత్రలు తీసుకునేలా ఏర్పాటు చేశాడు. ఆ ఏర్పాటు అయ్యేదాకా ఆశాజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. మాత్ర ఎందుకు, ఎప్పుడు, మానేస్తే ఏమవుతుంది అని చెప్పడానికి గంట పట్టింది. చెప్పింది సగమే, మిగతాదంతా పొన్నూరులో ఏం కూరలు వండుతారు, మదనపల్లెలో టమాటాలు ఎట్లా పండుతాయి అన్న కబుర్లు. ఆమె నర్సు బతుకులో అంత తీరుబడిగా గడిచిన గంట ఇంకోటి లేదు.

కానీ హాలు సంత అలాగే ఉంది కదా. మర్నాడు దానికి ఆశాజ్యోతే ఉపాయం కనిపెట్టింది. తాము దిగిన ఇంటి దండెం మీంచి బట్టల క్లిప్పులు తెచ్చి, చూసినవాళ్ళ గౌనుకో చొక్కాకో తగిలించడం మొదలుపెట్టింది. బీపీ, షుగరు బాగా ఎక్కువుంటే ఎర్ర క్లిప్పు. వాళ్ళను ఫ్యాను కింద బల్ల మీద కూర్చోబెట్టి, చక్కెర వేయని వేడి టీ ఇస్తారు, డాక్టరు ఎంతసేపైనా చూస్తాడు, నర్సు పక్కనే ఉంటుంది. అటూ ఇటూగా ఉంటే పసుపు. అంతా బాగుంటే పచ్చ క్లిప్పు. పచ్చవాళ్ళకు సబ్బు, టూత్‌పేస్టు ఉన్న పొట్లం చేతిలో పెట్టి ఇంటికి. కృష్ణారావుగారు ఆ ఏర్పాటు చూసి మురిసిపోయాడు. ఆక్లాండ్‌లో ట్రస్టు గురించి ఎక్కడ మాట్లాడినా ఆ క్లిప్పుల ఫొటో తెర మీద వేసి, "ఇది మా ఆశాజ్యోతి బుర్ర" అనేవాడు. ఆమెకూ లోపల గర్వంగానే ఉండేది.

రెండో ఏడాది రాజ్యం అవ్వ మాత్రలు తప్పకుండా మింగింది. అంకెలు చక్కగా ఉన్నాయి. "శెభాష్ అవ్వా" అని పచ్చ క్లిప్పు పెట్టి, పొట్లం చేతికిచ్చింది. వెనక వరస గుమ్మం దాటి రోడ్డెక్కింది. అవ్వ ఏదో అడగబోయింది. "మళ్ళీ మాట్లాడతా" అంటూనే ఆశాజ్యోతి తరువాతి మనిషి జబ్బకు బీపీ పట్టీ చుట్టింది. ఆ మళ్ళీ రాలేదు.

ఇక మూడో ఏడాది, చివరిసారి అని చెప్పి వెళ్ళిన ఈ ఏడాది.

ఈసారి విమానం దిగినప్పటి నుంచే ఆమెకు ఒళ్ళు బరువుగా ఉంది. నీలం టీ షర్టు తొడుక్కుని అందరితో కలిసి ఫొటోకు నిలబడితే, నవ్వమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు దేని మీదా లేదు. వరసలో ముందే రాజ్యం అవ్వ కనిపించింది, కోడలు శారద భుజం పట్టుకుని నడిచొస్తోంది.

బీపీ చూస్తే ఆశాజ్యోతి తన మిషనునే అనుమానించింది. ఇంకో చేతికి కట్టి చూసింది. అంతే ఉంది. షుగరు కూడా ఎక్కడికో పోయింది. నిరుటి మంచి అంకెలు ఏమయ్యాయో అర్థం కాక, మాట్లాడకుండా గౌను మెడకు ఎర్ర క్లిప్పు తగిలించింది. అవ్వ కుడిచేత్తో ఆ క్లిప్పును తడిమి చూసుకుంది. ఆ ముఖంలో సంతోషం చూసి, ఎందుకో ఆశాజ్యోతికి బాగనిపించలేదు.

బల్ల మీద కూర్చోబెట్టి టీ కప్పు ఇచ్చింది. అవ్వ ఎడమ చేత్తో అందుకుంది. కప్పు ఆ చేతిలో నిలవలేదు. వేడి టీ గౌను నిండా ఒలికింది.

"ఎప్పటి నుంచి ఇట్లా?" అని వచ్చీరాని హిందీలో శారదను అడిగింది ఆశాజ్యోతి.

ముందు రోజు పొద్దున నుంచి అట్లాగే ఉందట, మాట కూడా కాసేపు తడబడిందట. హాస్పిటల్‌కు పోదామంటే అత్తయ్య ఒప్పుకోలేదని శారద తల దించుకుంది. "నర్సు వస్తోంది కదా, ఆమే చూస్తుంది అని కూర్చుంది," అంది.

కృష్ణారావుగారు వచ్చి చూసి, ఒక్క మాట కూడా వృథా చేయకుండా వ్యాను తెప్పించాడు. "నువ్వు కూడా వెళ్ళమ్మా. దారంతా మాట్లాడిస్తూ ఉండు, మాట ఎట్లా ఉందో చూస్తుండు," అన్నాడు. శారద డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సీట్లో అవ్వ తల ఆశాజ్యోతి ఒళ్ళో పెట్టుకుంది.

వ్యాను లంబాసా రోడ్డెక్కి చెరకు లారీ వెనక పడింది. దాటి వెళ్ళే చోటు లేదు. లారీలోంచి రాలిన చెరకు గడలు చక్రాల కింద పటపటమంటున్నాయి. ఆశాజ్యోతి ఆ ఎడమ చేతిని పట్టుకుని "గట్టిగా నొక్కు అవ్వా" అంటుంది, అవ్వ నొక్కానంటుంది, వేళ్ళు మాత్రం కదలవు. ఆమె మళ్ళీ మళ్ళీ నొక్కమంటోంది. అవ్వకు మాత్రం నోటి నిండా మాటలే.

"మీ అత్త బాగుండాదా? టమాటాకు ఈ ఏడు ధర పలికిందా? నువ్వు వచ్చే ముందర ఇంట్లో ఏం కూర చేస్తివి?"

"పడుకో అవ్వా, అలిసిపోతావు."

"పండుకునేది దినామూ ఉండేదే. దొరక్క దొరక్క దొరికితివి."

మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ అర్థమవుతోంది. ఆశాజ్యోతి అప్పటిదాకా ఆపుకున్న ప్రశ్న అడిగేసింది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

అవ్వ కిటికీ వైపు చూసింది. "పోయిన పున్నమి నుంచి లేదు."

"అయిపోయాయా?"

"ఉండాయి. డబ్బాలో పెట్టి మూత ఏసినా."

"మరి ఎందుకు మానేశావు?"

"పోయినేడు బాగుండానని పచ్చ క్లిప్పు పెడితివి. సబ్బు ఇచ్చి పంపిస్తివి. నాతో నాలుగు మాటలు మాట్లాడలే," అంది అవ్వ. కోపం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నా వెనక నిలబడిన ముసలాయన ఏడాదంతా దవాయి ముట్టలే. ఆయనకు ఎర్రది పెట్టి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చుంటివి. దినామూ మింగిన దానికి నాకు సబ్బు."

ఆశాజ్యోతి ఆ కదలని వేళ్ళకేసి చూసింది.

"అందుకే నిలిపేస్తిని," అంది అవ్వ. "ఇప్పుడు చూడు, లంబాసా దాకా నువ్వు నాకే."

ముందు ఆశాజ్యోతికి ఒళ్ళు మండింది. నా ఒక్క గంట కోసం చెయ్యి పోగొట్టుకుంటావా అని ఆ ముసలిదాన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ కోపం పక్క ఊరు వచ్చేదాకా కూడా నిలవలేదు. ఆ మెడ దగ్గర ఎర్ర క్లిప్పు ఇంకా ఉంది. దాన్ని తీసి బ్యాగులో వేసుకుంటుంటే ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వకు కనపడకుండా తల తిప్పుకుంది, కానీ కన్నీళ్ళు ఒళ్ళో ఉన్న ఆ తెల్ల జుట్టు మీదే పడ్డాయి.

"నడుము నొస్తాందా పాపా?" అంది అవ్వ.

హాస్పిటల్‌లో ఉంచుకున్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. ఆశాజ్యోతి వెళ్ళొస్తానని లేవబోతే, అవ్వ మంచి చేత్తో టీ షర్టు అంచు పట్టుకుంది.

"వచ్చే ఏడు వస్తావా?"

రానంటే, ఉన్న ఒక్క తెలుగు మాటా పోతుంది. వస్తానంటే జూలైకి ముందు ఆ డబ్బాకు మళ్ళీ మూత పడుతుంది. ఏ జవాబు చెప్పినా అవ్వకు చెరుపే. ఆశాజ్యోతి నిలబడి ఆలోచించి, ఆలోచించే ఓపిక కూడా అయిపోయి, "మాత్రలు మింగుతానంటే ఫోన్ చేస్తా అవ్వా. శారద ఫోన్‌కు. వారం వారం, ఆదివారం," అంది.

"మొగము కనపడతాదా?"

"కనపడుతుంది."

అవ్వ అంచు వదిలింది.

మర్నాడు హాలులో ఆశాజ్యోతి క్లిప్పు పెట్టే ముందు ఒక్కొక్కరినీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, ఎర్ర క్లిప్పు పడ్డవాళ్ళలో చాలామంది మానేసే వచ్చారు. వాళ్ళకు తెలుగు కబుర్లు అక్కర్లేదు. న్యూజిలాండ్ నుంచి పెద్ద డాక్టర్లు వస్తుంటే, మందులు మింగి జబ్బును దాచిపెట్టుకుని పోతే వాళ్ళకు ఏం కనపడుతుంది, అసలు జబ్బు కనపడాలి కదా అన్నారు. మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టానికి మంచి గది ఇచ్చినట్టు, తమ జబ్బును వీళ్ళ కోసం అట్టే పెట్టారు.

ఆ సాయంత్రం బడి వరండాలో కృష్ణారావుగారికి అంతా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మనం రాకపోతే వీళ్ళకు మొదట్లో జబ్బుందనే తెలిసేది కాదమ్మా," అన్నాడు.

"తెలిశాక మనమే పెంచుతున్నాం కదండీ."

"మరి ఏం చేద్దామంటావు?"

"క్లిప్పులు తీసేద్దాం. మాత్రలు సరిగ్గా మింగినవాళ్ళనే ఫ్యాను కింద కూర్చోబెడదాం. టీ వాళ్ళకిద్దాం, కబుర్లు వాళ్ళతో చెబుదాం."

"జబ్బు ఎక్కువున్నవాళ్ళను ఎవరు చూస్తారు మరి?"

ఆమె జేబులోని క్లిప్పులు తీసి గట్టు మీద పెట్టింది. డెబ్బై దాటిన మనిషి, ఆయనా అలిసిపోయి ఉన్నాడని ఆమెకు అప్పుడే కనపడింది. వచ్చే ఏడాది తను రానని కూడా చెప్పేసింది. ఆయన బతిమాలలేదు, తలూపాడు.

ఆక్లాండ్ తిరిగొచ్చాక మొదటి ఆదివారం ఫోన్ చేసింది. అవ్వ ఇంటికొచ్చేసింది, ఎడమ చెయ్యి ఒళ్ళో పడేసుకుని కూర్చుంది. తెరలోకి మరీ దగ్గరగా రావడంతో ఒక చెంప, ఒక చెవి మాత్రమే కనిపించాయి. మాత్ర మింగి, నోరు తెరిచి చూపించింది. వంకాయ కూరలో ఏం వేశావు అనే దగ్గర మొదలై చాలాసేపు మాట్లాడుకున్నారు. మరుసటి ఆదివారం ఆశాజ్యోతికి డబుల్ షిఫ్టు పడింది. ఆ తరువాతి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, ఫోన్ చేద్దామనుకుంటూ సోఫాలో అలాగే నిద్రపోయింది. లేచేసరికి చీకటి పడిపోయింది. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక శ్రీజ మీద విసుక్కుంది. ఆ పిల్ల "వాట్ డిడ్ ఐ డూ?" అని గదిలోకి పోయింది.

నాలుగో ఆదివారం ఎలాగో గుర్తు పెట్టుకుని చేస్తే శారద ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే ఫోన్ డబ్బా వైపు తిప్పింది. మాత్రలు దాదాపు నిండుగా ఉన్నాయి. వారానికి ఒకటి, అదీ ఫోన్ వచ్చిన రోజే తప్ప మింగనంటోందని, తను చెబితే వినడం లేదని శారద మొర పెట్టుకుంది.

"ఎందుకు అవ్వా ఇట్లా చేస్తావు? మింగుతానని ఒప్పుకున్నావు కదా," అంది ఆశాజ్యోతి.

అవ్వ ముఖం తెరలోకి వచ్చింది. "మాత్రలు దినామూ మింగమంటివి. ఫోను వారానికొకతూరి అంటివి. అదీ చెయ్యకపోతివి. నువ్వే చెప్పు పాపా, లెక్క యాడ కుదిరింది?"

ఆశాజ్యోతి ఫోన్ గట్టు మీద బోర్లా పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుంది. రోజూ ఫోన్ చేయాలన్నమాట. ఏడాదికి ఒక్క వారానికే ఆమె ఒళ్ళు హూనమవుతోంది. రోజూ అంటే పొద్దున షిఫ్టులు, సాయంత్రం షిఫ్టులు, శ్రీజ ఈత క్లాసు, ఈ నడుము, వీటన్నిటి మధ్య రోజూ. ఫొటోలుండవు, టీ షర్టుండదు, చివరిసారి అని చెప్పుకునే వీలు కూడా ఉండదు. నా వల్ల కాదు అని పైకే అనేసింది. ఏడుస్తూ అంది.

సాయినాథ్ సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. మాటలన్నీ విన్నాడు. చేతులు తుడుచుకుని, బోర్లా ఉన్న ఫోన్ తీసి ఇటు తిప్పాడు.

"అవ్వా, బాగుండావా?" అన్నాడు. "నేను జ్యోతి మొగుణ్ణి. మదనపల్లె మాది."

తెరలోకి ఒక చెవి మరీ దగ్గరగా వచ్చింది. "ఇంకో తూరి మాట్లాడు నాయనా," అని వినిపించింది. "మా అవ్వ మాట్లాడినట్లే ఉండాది."

"ఎంతసేపైనా మాట్లాడతా. ముందు ఆ మాత్ర మింగు. నీళ్ళు తెచ్చుకో. నేను యాడికీ పోను."

ఆ రోజు నుంచి సాయంత్రం ఫోన్ అతనిదే. ఆఫీసు నుంచి రైల్లో వస్తూ కొన్నాళ్ళు, గరాజ్‌లో వాషింగ్ మిషను తిరుగుతుంటే పక్కన కూర్చుని కొన్నాళ్ళు. మొదట్లో మాత్ర మింగించడం కోసం మొదలుపెట్టాడు. తరువాత ఎవరి కోసమో చెప్పడం కష్టం. వాళ్ళమ్మకు నెలకొకసారి చేసేవాడు, ఇప్పుడు ఆమెకూ తరచుగా చేస్తున్నాడు. సెలవు దొరికిన రోజు ఆశాజ్యోతి చేస్తుంది, దొరకని రోజు మానేస్తుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆమె డ్యూటీ దిగి వచ్చి కారు ఆపేసరికి గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల సూట్‌కేసు మీద సాయినాథ్ కూర్చున్నాడు, ఇక వెళ్ళేది లేని ఫీజీ ప్రయాణాల సూట్‌కేసు అది. ఫోన్‌లోంచి అవ్వ గొంతు.

"మింగితిని నాయనా, చూడు. ఆ పాప యాడ?"

"ఇప్పుడే వచ్చినట్లుండాది అవ్వా. పిలుస్తా ఉండు."

"వద్దు, పిలవద్దు," అంది అవ్వ. "డూటీ నుంచి వచ్చె గదా. నాతో మాట్లాడల్లని నిలబడతాది. నడుము నొస్తాది ఆమెకు. పోయి పండుకోమను."

ఆశాజ్యోతి తలుపు బయటే ఆగిపోయింది.

"నువ్వు ఆమెకు ఇంత కాఫీ పెట్టియ్యి," అంటోంది అవ్వ. "ఎర్ర క్లిప్పు ముందర ఆ పాపకు పెట్టల్ల."

రెస్ట్‌హోమ్‌లో ఆ రోజు ఎంతమందిని తిన్నారా, పడుకున్నారా అని అడిగి వచ్చిందో ఆమెకు గుర్తు లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. బూట్లు విప్పకుండానే లోపలికి వెళ్ళి సాయినాథ్ పక్కన సూట్‌కేసు మీద కూర్చుంది. అతను ఫోన్ ఆమె చేతిలో పెట్టి, కాఫీ పెట్టడానికి లేచాడు.